కాలువ కట్టిన నెలలో ఒక దిక్కు, వదిలాక మరో దిక్కు: మా వీధి నూతుల కింద పెట్రోలు వెతికిన సంస్థపై సమీక్ష

మా వీధి నూతుల కిందికి పెట్రోలు చేరిందా, చేరితే ఎంత దూరం వచ్చింది అన్న ప్రశ్నకు జవాబు కోసం ఒక ప్రైవేటు మట్టి, భూగర్భజల పరిశోధన సంస్థను పిలిపించుకున్నాము. వాళ్లు రెండు విడతలుగా చేసిన పని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి పని చేయించుకోవలసి వచ్చిన మరో ఊరివాళ్లకు ఏ సంస్థ వచ్చింది అన్నదానికన్నా, వచ్చినవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకపోతే నిలదీయాలి అన్నదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. నేలలో వాళ్లు చేసిన పనికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను. ఆఫీసులో కూర్చుని రాసిన మొదటి నివేదికకు రెండుకు మించి వేయలేను.

మాది కోనసీమ. ఊరి మధ్యగా పంట కాలువ, దాని గట్టు మీద తారురోడ్డు, రోడ్డుకు ఇవతల పాత పెట్రోలు బంకు, బంకు వెనుక మా వీధి, వీధి వెనుక కొబ్బరి తోటలు, ఆ తోటలకు అవతల మురుగు డ్రెయిను ఉన్నాయి. వీధిలో పద్నాలుగు ఇళ్లు, తొమ్మిది నూతులు. బంకు ప్రహరీకి అన్నిటికన్నా దగ్గరి నుయ్యి ఇరవై ఎనిమిది మీటర్ల దూరంలో ఉంటుంది. నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాలువ నీటి మట్టం పెరిగితే నూతిలో నీరు పెరగడం, కాలువ కట్టేస్తే, అంటే కాలువకు నీరు ఆపేస్తే, తగ్గడం ఉద్యోగమంతా చూశాను. ఆ అనుభవం ఈ వ్యవహారంలో ఇంతగా అక్కరకు వస్తుందని మాత్రం ముందు అనుకోలేదు.

రెండో ఇంటి పిన్నిగారు స్నానాల గదిలో వేడినీళ్లు తొరిపినప్పుడల్లా కిరసనాయిలు వాసన వస్తోందని చెప్పడంతో ఇది మొదలైంది. మొదట అందరమూ ఇనుము అనుకున్నాము, ఎందుకంటే మా వైపు నూతుల్లో ఇనుము ఎక్కువే, నీళ్లు ఒక పూట నిలవ ఉంటే పైన మెరిసే పొర కడుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పుల్లతో కదిపితే ఇనుము పొర పెంకులుగా విరిగి విడివిడిగా తేలుతుంది, నూనె పొర చీలిపోయి మళ్లీ కలుసుకుంటుంది. పిన్నిగారి గంగాళంలో పొర కలుసుకుంది.

అప్పుడు మేము చేసిన పొరపాటు రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టుకుని దగ్గరి పట్టణంలోని ఒక నీటి పరీక్షల ల్యాబుకు వెళ్లడం. వాళ్లు చేసిన పొరపాటు ఆ సీసాను అలాగే తీసుకోవడం. వాసన సంగతి చెప్పినా, పీహెచ్, లవణాల మొత్తం, కఠినత్వం, క్లోరైడ్లు, నైట్రేట్లు, ఫ్లోరైడు, ఇనుము, సూక్ష్మజీవులు చూసి 'త్రాగుటకు యోగ్యము' అని ముద్ర వేసి ఇచ్చారు. చూసినవాటిలో తప్పు ఉందని నేను అనను. పెట్రోలు జాడ చెప్పే అంశం ఒక్కటి కూడా ఆ జాబితాలో లేదు. పెట్రోలులోని పదార్థాలు విద్యుత్తును మోసే లవణాలు కావు కాబట్టి, ఇళ్లకు ఫిల్టర్లు అమ్మేవాళ్లు నీళ్లలో ముంచి చూపించే టీడీఎస్ మీటరుకు అవి కనిపించనే కనిపించవు. ప్లాస్టిక్ సీసాలో సగం ఖాళీ ఉంచి పట్టిన నీటిలోంచి, ఆవిరయ్యే స్వభావం ఉన్న ఈ పదార్థాలు కొంత గాలిలోకీ కొంత ప్లాస్టిక్కులోకీ వెళ్లిపోతాయి. ఆ కాగితాన్ని నమ్మి మా వీధి మరో రెండు నెలలు అవే నీళ్లు తాగింది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడ బెంజీన్ గురించి కొంత చెప్పాలి. పెట్రోలులో బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ అనే నాలుగు పదార్థాలు ఉంటాయి. పెట్రోలు నీటిపై తేలుతుంది కానీ ఈ నాలుగూ అందులోంచి కొద్దికొద్దిగా నీటిలో కరిగి, నీటితో పాటు నడుస్తాయి. నాలుగింటిలోనూ ఎక్కువగా కరిగేది, ఎక్కువ దూరం పోయేది, మనిషికి క్యాన్సరు కలిగిస్తుందని నిర్ధారణ అయినది బెంజీన్. తాగునీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అమెరికాలో పరిమితి అందులో సగం, 0.005. నాలుకకు తెలియాలంటే మాత్రం దాదాపు అర మిల్లీగ్రాము ఉండాలి. అంటే హద్దుకు యాభై రెట్లు దాటాక గానీ రుచిలో తేడా తెలియదు. మన తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 యొక్క 2012 ప్రతిలో ఖనిజ నూనెకు లీటరుకు 0.5 మిల్లీగ్రాము అన్న హద్దు ఉంది, బెంజీన్‌కు విడిగా హద్దు లేదు. ఖనిజ నూనె పరీక్షలో నెగ్గిన నీటిలో కూడా బెంజీన్ ప్రమాదకరమైన స్థాయిలో ఉండవచ్చునన్న మాట. ల్యాబుకు వెళ్లేవాళ్లు ఈ నాలుగు పేర్లనూ కాగితం మీద రాసుకుని వెళ్లి, ఆ పరీక్షలకు ఆ ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో అడగాలి. గుర్తింపు ల్యాబు మొత్తానికి కాక ఒక్కొక్క పరీక్షకూ విడివిడిగా ఉంటుంది.

ఇప్పుడు సమీక్షిస్తున్న సంస్థను ఎంచుకోవడానికి కారణం వాళ్ల ఫోను సంభాషణ. మేము ముగ్గురికి ఫోను చేశాము. ఇద్దరు ధర చెప్పారు. మూడోవాళ్లు బంకు ఎన్నేళ్ల నాటిది, ట్యాంకులు ఎటు పక్క ఉన్నాయి, నూతులు ఒరలవా కట్టుడువా, నీరు ఎన్ని అడుగుల్లో ఉంది, వాసన ఏ నెలలో ఎక్కువ అని అడిగి, "వచ్చి చూడకుండా ధర చెప్పలేమండీ" అన్నారు. ఏ నెలలో అన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది. తరువాత ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును వాళ్లే మరిచిపోయారు, దాని సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

మే నెల రెండో వారంలో ఒక ఇంజనీరు, ఒక కెమిస్టు అమ్మాయి, బోరు వేసే ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. మొదటి రోజు గడ్డపలుగు కూడా నేలకు తగిలించలేదు. ఇంటింటికీ తిరిగి నూతి లోతు, ఒరల స్థితి, మోటారు వాడే వేళలు, ఎవరి ఇంట్లో ఎప్పటినుంచి వాసన అన్నవి రాసుకున్నారు. ఒకప్పుడు ఈ స్థలంలో ఏముండేదని పెద్దవాళ్లను అడిగారు. బంకు రాకముందు అదే చోట లారీల షెడ్డు ఉండేదనీ, వాడేసిన ఆయిలు వెనుక గోతిలో పోసేవారనీ ఒక బాబాయిగారు చెప్పగా, ఆ గోయి చోటును కూడా పటంలో గుర్తు పెట్టుకున్నారు. పంచాయతీ ఉత్తరం చూపించాక బంకు యజమాని లోపలికి రానిచ్చి, ట్యాంకులో రోజూ కడ్డీ ముంచి చూసే లెక్కల పుస్తకాన్ని కూడా ఇచ్చారు. ఆయన ఇలా సహకరించడం వల్ల పని ఎంతో తేలికైంది.

బోర్ల పనిని నేను రోజంతా కుర్చీ వేసుకుని చూశాను. మా వైపు చేతి బోరు అంటే నీళ్లు పోస్తూ బురద తోడే పద్ధతి. ఇంటి బోరింగుకు అది సరిపోతుంది. ఈ పనికి అది పూర్తిగా తప్పు, ఎందుకంటే పోసిన నీళ్లు మట్టిలోని ఆవిరినీ నూనెనూ కడిగేస్తాయి. వీళ్లు పొడిగా తిప్పే ఆగరుతో (నేలలోకి తిప్పే బరమాతో) అర మీటరుకొకసారి మట్టిని పైకి తీసి, టార్పాలిను మీద వరుసగా పరిచి, రంగు, జిగట, వాసన రాసుకుని, ప్రతి పొర నుంచి గుప్పెడు మట్టిని మూత పడే పాలిథీన్ సంచిలో పోసి, పది నిమిషాలు ఎండ తగలనిచ్చి, ఆవిరి కొలిచే మీటరు ముక్కును సంచిలో గుచ్చి చూశారు. ఒక బోరుకూ మరో బోరుకూ మధ్య ఆగరును సబ్బునీటితో కడిగారు. తవ్వి తీసిన మట్టిని గోతాల్లో కట్టి పక్కన పెట్టారే తప్ప తోటలో పారబోయలేదు.

బంకు వెనుక గోడ దగ్గరి బోరులో ఒక మీటరు లోతులో ఆ ఆవిరి పరికరం మూడు చూపింది, మీటరున్నరలో నలభై, రెండు మీటర్ల దగ్గర ఆరువందల పది, మూడు మీటర్లలో మళ్లీ తొంభై. ఈ అంకెల వరుస చూడగానే నాకు అర్థమైంది. ఏప్రిల్ ఆఖరున కాలువ కట్టేస్తే మా ఊళ్లో భూగర్భజలం మీటరుకు పైగా దిగుతుంది, జూన్‌లో వదిలితే మళ్లీ లేస్తుంది. నీటిపై తేలే నూనె నీటితో పాటు దిగుతూ లేస్తూ, ఆ మధ్య ఉన్న మట్టికంతా పూసుకుపోతుంది. ఏటా ఒకసారి కాలువ కట్టే ఊళ్లో ఏటా ఒక పూత పడుతుంది. ట్యాంకు కారడం ఆగినా ఈ పూత ఉన్నంతకాలం నీటిలోకి బెంజీన్ దిగుతూనే ఉంటుంది. ఇంజనీరు ఈ మాటే చెప్పాడు, నివేదికలోనూ రాశాడు.

ఐదు బోర్లలో నాలుగింట రెండున్నర మీటర్ల దగ్గర బంక మట్టి పోయి సన్న ఇసుక తగిలింది. అది గోదావరి ఎప్పుడో వదిలేసిన పాత పాయ మేట. మా వీధివాళ్లు నూతులు ఆ వరుసనే తవ్వుకున్నారు, మంచినీరు అక్కడే పడింది కాబట్టి. నూతులకు నీళ్లిచ్చే ఆ ఇసుకే పెట్రోలుకూ దారి ఇచ్చింది.

ఐదు బోర్లలోనూ రెండు అంగుళాల పీవీసీ గొట్టాలు దించారు. గొట్టానికి కోసిన సన్న చీలికల భాగం నీటి మట్టానికి పైనా కిందా కూడా ఉండేలా చూశారు. ఇది ముఖ్యం. చీలికలు నీటి లోపలే ఉంటే పైన తేలే నూనె గొట్టంలోకి రాదు, గొట్టం శుభ్రంగా కనిపిస్తుంది. చుట్టూ జల్లించిన ఇసుక, దానిపైన నీరు తగిలితే ఉబ్బి బిగిసే బెంటొనైట్ మట్టి, ఆపైన సిమెంటు, తాళం పడే మూత పెట్టి, ప్రతి గొట్టం అంచు ఎత్తును లెవెల్ పరికరంతో మిల్లీమీటర్లలో కొలిచారు. నీరు ఎటు నడుస్తోందో తెలియాలంటే కనీసం మూడు గొట్టాలు ఒకే గీతలో కాక ముక్కోణంలో ఉండాలి. మాలాంటి చదునైన నేలలో మట్టాల మధ్య తేడా సెంటీమీటర్లలోనే ఉంటుంది కనుక లెవెల్ కొలతలో అంగుళం తప్పు పోతే దిక్కే మారిపోతుంది. వాళ్లు కొలిచిన తరువాత నేను కూడా పక్కన నిలబడి మళ్లీ కొలిపించాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది.

బంకు గోడ దగ్గరి రెండో నంబరు గొట్టంలోకి దించిన టేపు నూనె తగిలినప్పుడు ఒక రకంగా, నీరు తగిలినప్పుడు మరో రకంగా మోగింది. రెంటి మధ్య తేడా పదకొండు మిల్లీమీటర్లు. అంటే నీటి మీద అంత మందాన పెట్రోలు తేలుతోంది. గొట్టంలో కనిపించే మందం మట్టిలో ఉన్న మందం కన్నా ఎక్కువగా ఉంటుందని, దాన్ని చూసి ఎన్ని లీటర్లు కారిందో లెక్క కట్టకూడదని ఇంజనీరు వెంటనే చెప్పాడు. జనం గుమిగూడి ఉన్న ఆ సమయంలో పెద్ద అంకె చెప్పి గొప్ప కొట్టుకోవచ్చు. చెప్పలేదు, అది వాళ్ల నిజాయితీ.

నమూనాలు పట్టిన తీరును వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మోసమైనా అశ్రద్ధ అయినా ఇక్కడే జరుగుతుంది. గొట్టంలో నిలిచిన నీరు చుట్టూ ఉన్న భూగర్భజలం కాదు, కాబట్టి దాన్ని ముందు తోడేయాలి. రెండు అంగుళాల గొట్టంలో మీటరు ఎత్తుకు సుమారు రెండు లీటర్ల నీరుంటుంది. వీళ్లు ప్రతి గొట్టంలోనూ ఉన్న నీటికి మూడింతలు నిదానంగా తోడి, పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత కదలకుండా నిలిచేదాకా ఆగారు. తోడిన నీళ్లను డ్రెయినులో పోయకుండా డ్రమ్ముల్లో పట్టి సీలు వేశారు. వేగంగా తోడకపోవడానికి మా నేలలో మరో కారణం కూడా ఉంది. ఇక్కడ మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరగా నిలిచి ఉంటుంది, ఒక్కసారిగా లాగితే కింది ఉప్పు పైకి ఎగబాకుతుంది. అది వాళ్లకు ముందే తెలుసు.

ఆ తరువాత నలభై మిల్లీలీటర్ల గాజు సీసాల్లో, ముందుగానే రెండు చుక్కల ఆమ్లం వేసి ఉంచినవాటిలో, అంచు పొంగేదాకా నీరు పోసి మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టి చూశారు. బఠాణీ గింజంత గాలి బుడగ కనిపించినా ఆ సీసాను పక్కన పెట్టి మరొకటి పట్టారు. ఐసు పెట్టెలో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి, పద్నాలుగు రోజుల లోపు పరీక్ష పూర్తి కావాలన్న గడువును పెట్టె మీద రాశారు. ఒకే నూతి నుంచి రెండు సీసాలు వేర్వేరు నంబర్లతో పంపారు. ల్యాబులో శుద్ధజలం నింపిన ఒక సీసా మూత తీయకుండానే దారి పొడుగునా నమూనాలతో ప్రయాణం చేసి తిరిగి వెళ్లింది. దారిలో ఎక్కడైనా పెట్రోలు ఆవిరి సోకితే ఆ సీసా చెప్పేస్తుంది.

ఆ సీసా ఎంత అవసరమో అదే రోజు తెలిసింది. వాళ్ల వ్యానులో జనరేటరు కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా ఐసు పెట్టె పక్కనే ఉంది. పెట్రోలు వెతకడానికి వచ్చినవాళ్లు పెట్రోలును నమూనాల పక్కన పెట్టుకోవడం క్షమించరాని అజాగ్రత్త. నేను చూపించగానే కెమిస్టు అమ్మాయి, "నిజమేనండీ, నేను చూసుకోవలసింది" అని పెట్టెను దింపించి వేరే కారులో పంపింది. శుద్ధజలం సీసాలో ఏమీ దొరకలేదని తరువాత తేలింది కాబట్టి ఫలితాలకు దెబ్బ తగలలేదు. మీ ఊరికి వచ్చినవాళ్ల వ్యాను తలుపు కూడా తీసి చూడండి.

ఫలితాలు ఇరవై ఒక్క రోజుల్లో ఇస్తామన్నారు, నలభై రోజులు పట్టింది. ఈలోగా నీళ్లు తాగాలా మానాలా అని మూడుసార్లు ఫోను చేస్తే, నివేదిక వచ్చాక చెబుతామన్నారు. నూతి నీళ్ల మీద బతికే ఇంటికి అది జవాబు కాదు. అనుమానం ఉన్నంతకాలం ఆ నీళ్లు తాగవద్దు, వాటితో వంట చేయవద్దు, తలుపులు మూసుకుని వేడినీళ్ల స్నానం చేయవద్దు అని మొదటి రోజే చెప్పడానికి ఏ ల్యాబు ఫలితమూ అక్కర్లేదు. కాచితే పోతుందని మా వీధిలో సగంమంది అనుకున్నారు. కాచితే నీటిలోంచి లేచే ఆవిరి అదే గదిలో ఉన్నవాళ్ల ఊపిరిలోకి పోతుంది.

ఇక నివేదిక. ఇంగ్లీషులో అరవై నాలుగు పేజీలు, రంగు పటాలు, అందమైన అట్ట. తొమ్మిది నూతుల్లో ఒక్క పిన్నిగారి నూతిలోనే లీటరుకు 0.004 మిల్లీగ్రాము బెంజీన్ దొరికిందని, అది హద్దు లోపలే ఉందని, భూగర్భజలం బంకు నుంచి కాలువ వైపు నడుస్తోంది కాబట్టి నూతులకు ముప్పు తక్కువని రాశారు. పటంలో నీలి బాణం మా వీధికి వీపు పెట్టి కాలువను చూస్తోంది.

నేను ఆ బాణాన్ని చూసి చాలాసేపు నివేదిక మూయలేకపోయాను. కొలత తప్పు కాదు, నా ఎదుటే కొలిచారు. కానీ కొలిచింది మే నెలలో. అప్పుడు కాలువ కట్టేసి ఉంది. అడుగున నిలిచిన మడుగులు మా నూతుల్లోని నీటి కన్నా కిందనే ఉన్నాయి, కాబట్టి నీరు కాలువ వైపు జారుతుంది. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీరు వదిలి కాలువ నిండాక దాని మట్టం మా నేల అంచులకు వస్తుంది. అప్పుడు కాలువ నుంచి ఊట పుట్టి, బంకు కిందుగా మా వీధిలోకి, తోటల్లోకి, చివరకు డ్రెయినులోకి నడుస్తుంది. సార్వాకు, దాళ్వాకు కలిపి మా కాలువ ఏడాదిలో పదిన్నర నెలలు పారుతుంది, కట్టి ఉండేది నెలన్నర. ఆ నెలన్నరలో తీసిన ఒక్క బాణంతో ఏడాదంతటికీ తీర్పు చెప్పారు. వాసన వర్షాకాలంలో ఎక్కువ అని మా వీధివాళ్లు మొదటి ఫోనులోనే చెప్పారు, మొదటి రోజు ఇంటింటి పుస్తకంలో వాళ్లే రాసుకున్నారు కూడా.

ఇంజనీరుకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఎండాకాలంలో రోడ్డు మార్జిను గట్టిగా ఉండి బోరు పని సులువవుతుందని ఆ నెలలో వచ్చామని, కాలువ ప్రభావాన్ని ఇంతగా అంచనా వేయలేదని ఒప్పుకున్నాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, మీరు చెప్పింది కొలిచి చూడాల్సిందే" అని, రవాణా, ల్యాబు ఖర్చు మాత్రం మేము పెట్టుకుంటే తమ జీతభత్యాలు తీసుకోకుండా ఆగస్టులో మళ్లీ వస్తామన్నాడు. తప్పు చూపిస్తే మొహం చిట్లించుకోకుండా తిరిగి రావడం ఈ సంస్థలో నేను మెచ్చిన గుణం.

ఆగస్టు మూడో వారంలో వచ్చారు. మేలో రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల లోతున ఉన్న నీరు తొంభై సెంటీమీటర్లకు లేచింది. మేలో బంకు నుంచి కాలువ వైపు నాలుగు సెంటీమీటర్ల వాలు ఉండగా, ఇప్పుడు బంకు గోడ గొట్టానికీ వీధిలోని గొట్టానికీ మధ్య నలభై ఐదు మీటర్ల దూరంలో తొమ్మిది సెంటీమీటర్ల వాలు నూతుల వైపు ఉంది. ఆ వాలుకు, ఆ ఇసుకకు నీరు రోజుకు ఆరేడు సెంటీమీటర్లు, నెలకు రెండు మీటర్లు నడుస్తుందని లెక్క కట్టారు. నెలన్నర వెనక్కి, పదిన్నర నెలలు ముందుకు. బంకు నుంచి మొదటి నూతికి ఉన్న ఇరవై ఎనిమిది మీటర్లు దాటడానికి అలా రెండేళ్లు కూడా పట్టదు.

ఫలితాలు ఈసారి పద్దెనిమిది రోజుల్లో వచ్చాయి. ల్యాబు నుంచి అందిన సాయంత్రమే కెమిస్టు అమ్మాయి నాకు ఫోను చేసి, నివేదిక కోసం ఆగవద్దని, రెండు నూతులకు ఆ రాత్రే మూతలు వేయమని చెప్పింది. పిన్నిగారి నూతిలో 0.018, పక్క ఇంటి నూతిలో 0.031, నాలుగో ఇంట 0.006 మిల్లీగ్రాములు. వేరే నంబరుతో పంపిన జంట సీసాలో 0.017 వచ్చింది కాబట్టి అంకెలను నమ్మవచ్చు. నీటి నడక దిక్కు ఒక్కటే దీనికి కారణం కాదని, పైకి లేచిన నీరు నూనె పూసిన మట్టి పొరను తడిపి అక్కడి బెంజీన్‌ను కొత్తగా కరిగించుకుందని సవరించిన నివేదికలో రాశారు. ఖనిజ నూనె పరీక్షలో మూడు నూతులూ నెగ్గాయి. మొదటి ల్యాబును మళ్లీ అడిగి ఉంటే మళ్లీ యోగ్యమనే అనేవాళ్లు.

సూచనల అధ్యాయం మాత్రం రెండోసారి కూడా బలహీనంగానే ఉంది. ప్రత్యామ్నాయంగా అరవై మీటర్ల లోతు బోరు వేయించుకోమన్నారు. మెట్ట ప్రాంతానికి రాసిన సలహాను మాకు అతికించినట్లుంది. మా ఊళ్లో ముప్పై అడుగులు దాటితే ఉప్పు తగులుతుంది, కోనసీమలో చాలా ఊళ్లది ఇదే పరిస్థితి. పైగా అలాంటి బోరు పై పొరలోని పెట్రోలుకు కిందికి దారి చేస్తుంది. ఇళ్లలోని ఆర్‌ఓ ఫిల్టరు చాలన్న మాట కూడా వాళ్ల ముసాయిదాలో ఉండగా నేను తీసేయించాను. బెంజీన్ చిన్న అణువు, విద్యుదావేశం లేనిది, ఆర్‌ఓ పొర దాన్ని పూర్తిగా ఆపదు. ఉత్తేజిత బొగ్గు పట్టుకుంటుంది కానీ నిండిపోయిన రోజు వదిలేస్తుంది, అది ఏ రోజో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు మిగిలిన సరైన దారి పంచాయతీ మంచినీళ్ల చెరువు నుంచి వీధికి కుళాయి వేయించుకోవడమే. దాన్ని వాళ్లు ఒక్క వాక్యంలో దాటేశారు.

మరో లోటు ఇథనాల్. ఇప్పుడు మన పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. నేలలోని సూక్ష్మజీవులు మొదట ఇథనాల్‌ను తిని, ఉన్న ప్రాణవాయువును దానికే ఖర్చు చేస్తాయి, అందువల్ల బెంజీన్ విచ్ఛిన్నం కాకుండా మరింత దూరం పోతుంది. కొత్తగా కారిందా, పాతదా అన్నది తెలుసుకోవడానికి కూడా ఇథనాల్ పరీక్ష పనికివస్తుంది. వాళ్లు చేయలేదు, మూడో విడతలో చేయమని రాసి ఇచ్చాను.

చట్టం సంగతి కూడా వాళ్లే చెప్పి ఉండవలసింది. 2025 జూలైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాన్ని స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ జాబితాలో చేర్చాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తొంభై రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి. మేము దీన్ని తెలిసిన న్యాయవాది ద్వారా తెలుసుకుని, పంచాయతీ తీర్మానానికి నివేదికను జత చేసి పంపాము. ఇంధన సంస్థ ఇంజనీర్లు వచ్చి ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టానికి ఒత్తిడి పరీక్ష చేసి, ఒక కీలు దగ్గర కారుతోందని తేల్చి, ఆ గొట్టాన్ని మార్చారు. మట్టికి పూసుకున్న నూనెను ఎవరు, ఎలా తీస్తారన్నది ఇంకా నడుస్తోంది.

ఖర్చు రెండు విడతలకూ కలిపి మూడు లక్షల అరవై వేలు అయింది. పద్నాలుగు ఇళ్లవాళ్లం కొంత, పంచాయతీ కొంత పెట్టుకున్నాము. దానిలో సగానికి పైగా బోర్లకు, గొట్టాలకే పోయింది, అవి నేలలో ఉన్నాయి, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అడిగిన మీదట రెండో విడతలో తెలుగులో రెండు పేజీల సారాంశం ఇచ్చారు. అది స్పష్టంగా ఉంది, ఏ నూతి ఏ స్థితిలో ఉందో పిన్నిగారు తానే చదువుకున్నారు. డబ్బు పెట్టినవాళ్లు చదవగలిగే భాషలో మొదటిసారే ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకోండి. దానితో పాటు, డెల్టాలో ఉన్నవాళ్లు కాలువ కట్టిన నెలలో ఒకసారి, కాలువ నిండుగా పారే నెలలో ఒకసారి నమూనాలు తీయాలని, రెండూ పూర్తయ్యేవరకు నీటి దిక్కు గురించి తుది మాట రాయకూడదని కూడా రాయించుకోండి.

మూడో విడతకు వాళ్లు కాలువ కట్టిన మూడో వారంలో వస్తామని ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఐదు గొట్టాల తాళాలూ నా దగ్గరే ఉంటాయి. పదిహేను రోజులకొకసారి టేపు దించి ఐదింట్లోనూ నీటి మట్టం, పక్కనే కాలువ స్కేలు మీది మట్టం ఒకే పుస్తకంలో రాస్తున్నాను. మొన్న దింపినప్పుడు రెండో నంబరు గొట్టంలో నూనె మందం ఏడు మిల్లీమీటర్లు ఉంది. నీరు లేచిన కాలంలో నూనె మట్టిలో చిక్కుకుని గొట్టంలోకి తక్కువ వస్తుందని ఇంజనీరు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి, ఆ అంకెను తగ్గినట్లుగా వీధిలో ఎవరికీ చెప్పలేదు.